మూల మనిషి చెయ్యి

నేను పుట్టు పిరికిదాన్ని. ఇది మా అమ్మ అనే మాట, నేను ఒప్పుకునే మాట. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెబితే చాలు, గాలి రాకముందే మంచం కిందకి దూరేదాన్ని. నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పని చేసేవారు. షిఫ్టు దిగి రావడం కాస్త ఆలస్యమైతే క్వార్టర్ల మలుపు దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని. అలాంటిదానివి కబడ్డీ జట్టులో ఎలా చేరావని ఇప్పటికీ అడుగుతారు. కాలేజీలో ఏదో ఒక ఆటకి పేరు ఇవ్వక తప్పదన్నారు. మిగతావన్నీ బంతి ఆటలు. బంతి వచ్చి మొహానికి తగులుతుందని నా భయం. దీంట్లో ఉండేది మనుషులే కదా, ఫరవాలేదు అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

అయితే ఆ భయాలన్నీ ఒక ఎత్తు. ఎనభయ్యవ దశకం మొదట్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కబడ్డీ కోర్టులో నా చేతిలో ఉన్న ఇంకో అమ్మాయి చెయ్యి నాకు పుట్టించిన భయం ఒక ఎత్తు. ఆ అమ్మాయి చచ్చిపోతోందని, ఆ సంగతి అంతమందిలో నాకొక్కదానికే తెలుసని పట్టుకున్న భయం అది. దాని గురించే చెప్తాను.

కబడ్డీలో మన వైపు ఏడుగురం నిలబడతాం. రెండు చివర్లా ఉండేవాళ్ళని మూల మనుషులు అంటాం. కూతకి వచ్చినదాని కాలు దొరకబుచ్చుకోవడం వాళ్ళ పని. మూల మనిషి పక్కన నిలబడేదానికి వేరే తెలివితేటలు అక్కర్లేదు. మూల మనిషి చెయ్యి పట్టుకుని, ఆవిడ ఎటు కదిలితే అటు కదలాలి. ఆవిడ కాలు పట్టగానే మీద పడాలి. నేను ఎడమ మూల పక్కన ఉండేదాన్ని. అంటే ఆట సాగినంతసేపూ నా ఎడమ చేతిలో మా ఎడమ మూల మనిషి కుడి చెయ్యి ఉండేది.

ఆ చెయ్యి ఎప్పుడూ తడే. చెమట అంటే అలాంటిలాంటి చెమట కాదు, ఇప్పుడే బకెట్లోంచి తీసినట్టుండేది. పైగా ఎంత కడుక్కున్నా కాస్త చేపల వాసన. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఇల్లు మాది, వాసనల దగ్గర మా అమ్మకి, నాకు పట్టింపులెక్కువ. కూతకి వచ్చింది వెనక్కి వెళ్ళగానే చెయ్యి వదిలించుకుని, నిక్కరుకి బరబరా తుడుచుకుని, నేల మీది మట్టి రాసుకుని మళ్ళీ పట్టుకునేదాన్ని. ఆమె అది చూసి నవ్వేది. "తుడుసుకో వదినా, తుడుసుకో. నా సెమటకి నీ గోరింటాకు పోతాది" అనేది. నన్ను వదినా అని మొదలుపెట్టింది ఆమే. అందుకని వాళ్ళమ్మ నాకు అత్త అయింది.

వాళ్ళది జాలరిపేట. తండ్రి, అన్నలు సముద్రం మీద వేటకి వెళ్ళేవారు. అత్త హార్బర్లో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని సీతమ్మధార దాకా తిరిగి అమ్మేది. సెలవు రోజుల్లో కూతురు కూడా ఇంకో తట్ట ఎత్తేది. చిన్నప్పటి నుంచి తట్టలు మోసి, ఇసకలో వలలు లాగిన ఒళ్ళు కావడంతో మెడ, భుజాలు, పిక్కలు అన్నీ దిట్టంగా ఉండేవి. మా జట్టులోకెల్లా బరువైనది ఆమే. వెనకాల అందరూ ఆమెని లావు పిల్ల అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ మాట తప్పని మాకు తెలియజెప్పింది కొత్తగా వచ్చిన ఆటల మేడమ్. ఎక్కడో దూరాన చదువుకుని వచ్చింది. వస్తూ వస్తూ ఒక ఇనప సాధనం తెచ్చింది. పటకారులా ఉంటుంది, దాని మీద చిన్న గడియారం లాంటి ముల్లు. దాంతో చర్మాన్ని మడత పట్టి నొక్కితే, కింద కొవ్వు ఎంత మందాన ఉందో ముల్లు చూపిస్తుందిట. మేం దానికి పీత అని పేరు పెట్టాం. ఆటసామాన్ల గదిలో తలుపేసి ఒక్కొక్కరినీ పిలుస్తుందనేసరికి మాకు వణుకు మొదలైంది. అది పెడితే రక్తం వస్తుందని ఒకతె చెప్పింది. పిల్లలు పుడతారో పుట్టరో కూడా తెలిసిపోతుందట అని ఇంకొకతె చెప్పింది. నేను వరండాలో నిలబడి, తలనొప్పి అని చెప్పి పారిపోదామా అని చూస్తున్నాను. మా మూల మనిషి నా జడ పట్టుకుని ఆపింది.

"నీకు బయ్యమేటే? పీతలు నన్ను రోజూ కరుత్తాయి. ముందు నానెల్తాను, నువ్వు సూద్దువుగాని" అని లోపలికి నడిచింది.

మేడమ్ ఆమె చేతి వెనక, వీపు మీద, పొట్ట పక్కన, తొడ మీద మడతలు పట్టి కొలిచింది. అందరివీ అయ్యాక మమ్మల్ని మెట్ల మీద కూచోబెట్టి, ఎవరి ఒళ్ళు ఏ చోటుకి పనికొస్తుందో చెప్పింది. కూతకెళ్ళే పిల్లలు సన్నగా, తేలిగ్గా, పొడుగు కాళ్ళతో ఉన్నారు. వాళ్ళ మీద పీత పట్టడానికి ఏమీ దొరకలేదు. మధ్యలో నిలబడేవాళ్ళకి నడుం పైభాగం బలంగా ఉంది. అంతవరకూ మేం ఊహించిందే.

"ఇక మీ మూల మనిషి" అంది మేడమ్. "మీరందరూ లావు అంటారే, ఈమె ఒంట్లో కొవ్వు కూతకెళ్ళే పిల్లల కంటే కొంచెమే ఎక్కువ. మిగిలిందంతా కండ, ఎముక. కొవ్వు కావాలంటే ఇదిగో, ఇక్కడుంది" అని నా వైపు చూపించింది. "చూడ్డానికి ఆమెలో సగం ఉంది. పొట్ట మీద పీత నోరు సరిపోలేదు."

అంటే మేం పెట్టిన పేరు ఆవిడకీ తెలుసన్నమాట. అందరూ విరగబడి నవ్వారు. మా ఇంట్లో నెయ్యి, మీగడ పెరుగు చేసిన పని అది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి నెయ్యి వద్దంటే అమ్మ తిట్టింది, నేను అలిగాను. నా అలక రాత్రి భోజనం దాకా కూడా నిలవలేదు.

కానీ మూల మనిషి ఒంట్లో కొవ్వు లేదని మేడమ్ చెప్పిన ఆ మాటే తర్వాత నాకు నిద్ర లేకుండా చేసింది. కారణం ఏమిటంటే, ఎండాకాలం మొదట్లో హార్బరు రోడ్డు పక్కన గ్రౌండులో కాలేజీల టోర్నమెంటు పెట్టారు. అక్కడ బాగా ఆడినవాళ్ళని యూనివర్సిటీ జట్టుకి చూస్తారని చెప్పుకున్నారు. ఆ జట్టులో పడితే హాస్టలు దొరుకుతుంది, చదువు సాగుతుంది. పడకపోతే ఆ ఏడాదితో కాలేజీ మానిపించి తట్ట ఎత్తిస్తామని మూల మనిషి ఇంట్లో ఖాయంగా చెప్పేశారు. అంతా బాగానే ఉండేది, టోర్నమెంటులో బరువు హద్దు పెట్టకపోతే. ఆ హద్దు కంటే బరువున్న మనిషిని కోర్టులోకి దింపరు. ఆమె హద్దుకి కాస్త పైన ఉంది.

మేడమ్ ఆమెని పక్కకి పిలిచి, నా ఎదురుగానే, మెల్లగానే చెప్పింది. "నీ ఒంట్లో తియ్యడానికి కొవ్వు లేదు. నువ్వు బరువు తగ్గించాలంటే తగ్గేది నీళ్ళే. అది ప్రమాదం. ఈసారి ఆ మూలకి వేరేవాళ్ళని చూస్తాను. పిచ్చి పనులు చెయ్యకు."

మూల మనిషి తలొంచుకుని "అలగేనండి మేడమ్" అంది. గేటు దాటాక నా మెడ చుట్టూ చెయ్యేసింది. "నీల్లు తగ్గితే సాలన్నమాట. అది నాకు తెలీదేటి? సేప ఎండితే ఎంత తేలిగ్గుంటాదో నాకన్నా ఎవరికి తెలుసు?"

"నువ్వు చేపవా?" అన్నాను.

"జాలరోల్ల గుంటని కదా" అంది నవ్వుతూ. "నువ్వెవులికీ సెప్పకు. సెప్పినావంటే నీ సెయ్యి మల్లీ పట్టను."

ఆ రోజు నుంచి నా కడుపులో భయం కాపరం పెట్టింది. వాళ్ళ అన్న ఒక ట్రాలర్లో ఐసు గదిలో పని చేసేవాడు. చలి తగలకుండా వేసుకునే రబ్బరు కోటు ఒకటి వాళ్ళింట్లో ఉండేది. కాలేజీ అయ్యాక ఆమె ఆ కోటు తొడుక్కుని, పైదాకా గుండీలు పెట్టుకుని, ఎండలో ఇసక మీద పరుగెత్తేది. నేను నా పుస్తకాలు, ఆమె పుస్తకాలు పట్టుకుని పడవల నీడలో కూచునేదాన్ని. ఆగి కోటు విప్పితే లోపల్నుంచి నీళ్ళు కారేవి. దాహం వేస్తే నోట్లో నీళ్ళు పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసేది. ఆ ఉమ్మిన నీళ్ళు ఇసకలో ఇంకిపోతుంటే అటే చూసేది. ఆ చూపు చూడలేక నేను సముద్రం వైపు తిరిగేదాన్ని. ఇంట్లో అంబలి కూడా సగం తాగి, మిగిలింది కుక్కకి పోసేదిట.

మేడమ్‌కి చెప్పేద్దామని స్టాఫ్ రూమ్ దాకా వెళ్ళేదాన్ని. చెబితే ఆమె చదువు పోతుంది. చెప్పకపోతే ఆమె ఏమైపోతుందో. ఎటు చూసినా భయమే. తలుపు దగ్గర కాసేపు నిలబడి, మేడమ్ తలెత్తి చూస్తే "నమస్తే మేడమ్" అని వచ్చేసేదాన్ని. ఇంట్లో అన్నం సయించడం మానేసింది. నా పొట్ట మీద పీత మడత కూడా తగ్గి ఉంటుంది. అమ్మ దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసింది.

బరువు చూసుకోవడానికి సాయంత్రం పూట హార్బరుకి వెళ్ళేవాళ్ళం. వేలం జరిగే షెడ్డులో చేపలు తూచే పెద్ద కాటా ఉండేది. పనయ్యాక దాన్ని కడిగి వదిలేసేవారు. ఆమె పట్టీలు, గాజులు తీసి నా చేతికిచ్చి, తడి పలక మీద నిలబడేది. నేను వంగి ముల్లు చూసి చెప్పేదాన్ని. రోజురోజుకీ ముల్లు కిందకి దిగుతోంది. ఆమె మొహం కూడా దిగుతోంది. కళ్ళ కింద గుంటలు, పెదవుల మీద తొక్క. కానీ చెయ్యి మాత్రం ఇంకా తడే. ప్రాక్టీసులో అది పట్టుకోగానే నాకు కాస్త ధైర్యం వచ్చేది. చెమట పట్టినంతకాలం లోపల ఇంకా నీళ్ళున్నాయనే కదా అనుకునేదాన్ని. అంతకు ముందు అసహ్యించుకున్న తడి కోసం నేనే ముందుగా చెయ్యి చాపడం మొదలుపెట్టాను. తుడుచుకోవడం మాత్రం మానలేదు, అది అలవాటైపోయింది.

టోర్నమెంటు ముందు రోజు సాయంత్రం ముల్లు హద్దు కిందకి వచ్చింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. ఆమె ఒక గోలీసోడా కొట్టించుకుని సగం తాగి, సగం నాకిచ్చింది. అప్పుడు ఆమె కళ్ళు మూసుకుని సోడా మింగడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఇక భయం తీరిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున గ్రౌండులో ఒక గదిలో తూకం. టోర్నమెంటువాళ్ళు ఒక పెద్దావిడని కూచోబెట్టారు. ఎవరు ఎవరితో ఆడాలో చీట్లు తీసే చోటికి మేడమ్ వెళ్ళింది. వేరే పిల్లని తెచ్చినా, మా మూల మనిషి పేరు కూడా ఇవ్వమని మేమంతా బతిమాలి ఉన్నాం. హద్దులోకి దిగుతుందని మేడమ్‌కి నమ్మకం లేదు, అయినా మా మాట కాదనలేక పేరు ఇచ్చింది. మూల మనిషి నవ్వుతూ వెళ్ళి కాటా ఎక్కింది. పెద్దావిడ చూసి తల అడ్డంగా ఊపింది. హద్దుకి పైనే ఉంది.

"అది తప్పు సూపిత్తంది. నిన్న సాయంత్రం సూసుకున్నాను" అంది ఆమె.

"ఎక్కడ చూసుకున్నావమ్మా?"

"హార్బర్ల, సేపల కాటా..." అని ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. నా వైపు తిరిగి, చిన్నగా, "వదినా, తట్ట బరువు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. చేపలు తట్టలోనే తూస్తారు, తట్టలో నీళ్ళు కూడా ఉంటాయి. అందుకని తట్టకి, నీళ్ళకి తరుగు కింద కాటాని ముందే కొంత తగ్గించి పెడతారు. దాని మీద ఏది పెట్టినా అంత తక్కువే చూపిస్తుంది. ఆ తరుగు ఎక్కువ తీశారని వాళ్ళమ్మ ప్రతి ఉదయం అక్కడ నిలబడి పోట్లాడుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. కానీ తను ఎక్కినప్పుడు, తట్ట లేకుండా ఎక్కానన్న మాట ఆమెకి తట్టలేదు.

పెద్దావిడ మంచిదే. "మీ ఆట మధ్యాహ్నం కదా, కాసేపయ్యాక మళ్ళీ రా, చూద్దాం" అంది. ఆ మంచితనమే మా కొంప ముంచింది. మూల మనిషి సంచిలోంచి రబ్బరు కోటు తీసింది. అది తెచ్చిందని నాకు తెలీదు.

"వద్దే. నీకు దణ్ణం పెడతాను, వద్దు" అన్నాను.

"సోడా ఒక్కటే కదా వదినా. సోడా తీసెత్తే సాలు."

గోడౌన్ల వెనక, ఖనిజం దుమ్ముతో ఎర్రబడిన నేల మీద ఆమె పరుగెత్తింది. ఎండ నెత్తి మీదకి వచ్చింది. గాలి లేదు. సముద్రం పక్కనే ఉండి కూడా ఆకు కదల్లేదు. పరుగెత్తడం, ఉమ్మడం, మళ్ళీ పరుగెత్తడం. మొదట్లో కోటు చేతుల్లోంచి చెమట కారింది. తర్వాత కారడం తగ్గింది. ఎదురుగా నిలబడి చూస్తూ నేను ఏడుస్తున్నాను. "నువ్వేడిసి నీల్లు తగ్గించుకుంటన్నావేటి? నీకెందుకే!" అని ఎగతాళి చేసింది. ఎగతాళి చేసేంత ప్రాణం ఉంది కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను.

రెండోసారి తూకంలో నెగ్గింది. మేడమ్ వచ్చి ఆమె మొహం చూసి, "ఎలా తగ్గావు?" అని నిలదీసింది. "ఏటో మేడమ్, దిగిపోనాను" అంది. మేడమ్ ఇంకేదో అడగబోయింది, అంతలో జట్టుని పిలిచారు. "ముందు ఉప్పేసిన నీళ్ళు తాగు" అని సీసా చేతికిచ్చింది. మేడమ్ అటు తిరగగానే మూల మనిషి పెదాలు తడుపుకుని సీసా నాకిచ్చేసింది. మర్నాడు మళ్ళీ తూకం ఉందట.

ఆట మొదలైంది. చెయ్యి పట్టుకున్నాను. తడిగా ఉంది, కాకపోతే మామూలంత తడి కాదు, బంకగా ఉంది. ఆమె ఆట మాత్రం ఎప్పటికన్నా బాగుంది. ఎదుటి జట్టులో పేరున్న కూతగత్తె కాలు మడమ దగ్గర పట్టి అలాగే కూలేసింది. గట్టు మీద అత్త తట్ట దింపుకుని కూచుని, "అదీ, అదీ! పట్టు!" అని అరుస్తోంది. హార్బరులో చేపలు కొని, కూతురి ఆట చూసి అమ్మకానికి వెళ్దామని వచ్చింది. యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళు మా మూల వైపే చూస్తున్నారని మేమంతా గమనించాం.

విరామం అయింది. వైపులు మారాం. ఇప్పుడు ఎండ మా మొహాల మీదకి కొడుతోంది. కూతకి ఒకతె వచ్చింది. నేను చెయ్యి చాపాను, మూల మనిషి చెయ్యి వచ్చి నా చేతిలో పడింది.

పొడిగా ఉంది.

పొయ్యి మీది పెనంలా కాలుతోంది, చుక్క తడి లేదు. అన్ని నెలల్లో ఆ చెయ్యి పొడిగా ఉండడం నేను ఎరగను. నా అరచేతిలో చెమటే ఆమె చేతికి అంటుకుంటోంది. కూతకి వచ్చిన పిల్ల మా ముందు అటూ ఇటూ ఊగుతోంది. నాకు ఆ పిల్ల కనిపించడం లేదు. పక్కకి తిరిగి చూశాను. మూల మనిషి మొహం ఎర్రగా, గీత గీసినట్టు పెదాలు, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. కానీ కాళ్ళకి ఆట తెలుసు. వంగింది, దొరకబుచ్చుకుంది, పడేసింది. జనం చప్పట్లు కొట్టారు. లేచి మాతో పాటు వెనక్కి రావలసింది పోయి, ఎదుటి జట్టు వైపు నడవబోయింది. నేను చెయ్యి పట్టి లాగాను.

ఆమె నా మొహంలోకి చూసి, "ఎవులివి?" అంది.

"నేనే. వదినని."

"అయ్య పడవ వచ్చీసిందేటి?" అంది. ఆటలో, అంత జనంలో, అంత మామూలుగా అడిగింది.

ఇంక ఆలోచించలేదు. మా పిల్ల కూతకెళ్ళి రానే వచ్చింది, అవతలి పిల్ల గీత దాటి మా వైపు వచ్చేసింది. ఆట మధ్యలో కోర్టు గీత దాటినవాళ్ళు ఔటు, అది మాకు మొదటి రోజు నేర్పే సంగతి. నేను మూల మనిషి చెయ్యి రెండు చేతులా పట్టుకుని, నా బరువంతా వేసి, ఆమెని పక్క గీత అవతలికి ఈడ్చేశాను. ఇద్దరం ఔటు. మా జట్టువాళ్ళు "పిచ్చెక్కిందా నీకు" అని అరిచారు. ఆమె నన్ను విదిలించుకోబోయింది, బలం చాల్లేదు. తట్టలు మోసిన ఆ మనిషి నా మీద ఒరిగి, మోకాళ్ళ మీద కూలి, మట్టిలో పక్కకి పడిపోయింది. "మేడమ్, చెమట లేదు, చెయ్యి ఎండిపోయింది" అని అరుస్తున్నాను. నా గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలీదు.

మేడమ్ పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది, తీసేసింది. "నీడలోకి లాగండి! నీళ్ళు! ఐసు కావాలి, ఐసు ఎక్కడుంది?" అని కేకలు పెట్టింది.

ఐసు అత్త తట్టలో ఉంది. చేపల మీద గోనె కప్పి, దాని కింద హార్బరు ఐసు ముక్కలు పరిచి తెచ్చుకుంది. అత్త తట్ట ఎత్తుకుని కోర్టులోకి వచ్చేసింది. "ఓలమ్మో, నా గుంట! ఏటయింది, ఏటయిందే నా తల్లికి?" అంటూ తట్ట మొత్తం కూతురి మీద బోర్లించింది. చేపలు, ఐసు కలిసి పడ్డాయి. మేడమ్ చేపల్ని పక్కకి తోసి, ఐసు ముక్కలు తీసి మెడ చుట్టూ, చంకల్లో, తొడల మధ్య కుక్కమంది. నేను కుక్కుతున్నాను. పెట్టింది పెట్టినట్టే కరిగిపోతోంది. మూల మనిషి కళ్ళు తేలేసింది, కాళ్ళు కొట్టుకున్నాయి. నేను దేవుళ్ళందరినీ పిలిచాను. మా ఇంట్లో పేరు కూడా ఎత్తని దేవుళ్ళని, వాళ్ళ పేట గంగమ్మని కూడా పిలిచాను.

ఎవరిదో వ్యాను దొరికింది. ఆస్పత్రిలో సెలైను పెట్టారు, తడిగుడ్డలు చుట్టారు, ఫ్యాను కింద పడుకోబెట్టారు. డాక్టరు మేడమ్‌తో, "మూత్రపిండాలు ఎలా ఉన్నాయో ఇప్పుడే చెప్పలేను. చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. మేడమ్ గోడకి తలానించి నిలబడిపోయింది. నేను అప్పుడు అంతా చెప్పేశాను, కోటు, కాటా, సోడా, అన్నీ. ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పీత పెట్టి కొలిచాను, ఒంట్లో ఏముందో చెప్పాను, మనసులో ఏముందో అడగలేదు" అని మాత్రం అంది.

అత్త నేల మీద కూచుంది. ఒళ్ళంతా చేపల నీళ్ళు. కాసేపటికి, "సదువుకుంటానంది. మానీసి తట్ట ఎత్తమన్నాం. తట్ట మీదొట్టు, ఇంక ఎత్తమనను. లెగమను" అని తనలో తను అనుకుంది.

నేను మంచం పక్కన స్టూలు మీద కూచుని, సూది లేని చెయ్యి పట్టుకున్నాను. కుడి చెయ్యి. అది ఇంకా పొడిగానే ఉంది. వేడి కొంచెం తగ్గింది, అంతే. ఇంత ఐసు పెట్టారు కాబట్టి చల్లబడుతోందా, లేక మనిషే చల్లబడుతోందా? ఆ ఆలోచన వచ్చాక ఊపిరి పీల్చడానికి కూడా భయమేసింది. నర్సు వచ్చి పక్కకి జరగమంటే, చెయ్యి వదలకుండానే జరిగాను. కిటికీలోంచి పోర్టు సైరను వినపడింది, నాన్న షిఫ్టు దిగే వేళ. నా కోసం ఇంట్లో వెతుకుతుంటారని తట్టింది, అయినా లేవలేదు. లేస్తే ఈ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆమె వేళ్ళు నా చేతిలో కాస్త కదిలినట్టనిపించింది. భ్రమ అనుకున్నాను. తర్వాత అరచేతి మధ్యలో ఏదో జిగురుగా తగిలింది. అది నా చెమటేనేమో అని, నా చెయ్యి తీసి నిక్కరుకి గట్టిగా తుడిచి, ఊది ఆరబెట్టి, మళ్ళీ పట్టుకున్నాను. వేచి చూశాను. మెల్లమెల్లగా, గీతల్లోంచి ఊరినట్టు, తడి వచ్చింది. చేపల వాసన వేసే ఆ తడే.

"అత్తా, చెమట పట్టింది" అన్నాను. అత్త లేచి వచ్చి కూతురి చెయ్యి ముట్టుకుని, అదే చెయ్యి తన చెంపకి రాసుకుంది.

మూల మనిషి కళ్ళు సగం తెరిచింది. నన్ను చూసింది. ఈసారి ఎవులివి అని అడగలేదు. ఎండిన పెదాలు కదిలించి, "తుడుసుకో వదినా" అంది.

నేను తుడుచుకోలేదు.